బస్తర్ ఘాట్లలో పాత వ్యాను ఎందుకు మొరాయిస్తుంది?

షెడ్డులో గంటసేపు చక్కగా తిరిగిన ఇంజిన్ దర్భా ఘాట్ మధ్యలో ఆగిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా అంటుకోదు. అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. మర్నాడు షెడ్డుకు తోలుకెళ్తే అక్కడ ఏ లోపమూ కనిపించదు. మెకానిక్ అనుమానం మీద కాయిల్ మారుస్తాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ. ఈసారి ప్లగ్గులు మారతాయి, ఆ పైన పెట్రోలు పంపు. బిల్లులు పెరుగుతాయి, బండి మీద నమ్మకం మాత్రం పెరగదు. బస్తర్‌లో సెకండ్ హ్యాండ్ వ్యాను నడిపే కుటుంబాల్లో చాలామందికి ఈ వరస బాగా తెలుసు.

ఈ ప్రాంతంలో వ్యాను విలాసం కోసం కొనేది కాదు. జగదల్‌పూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు 30వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 300 కిలోమీటర్లు. దారిలో కేశ్‌కాల్ ఘాట్, దాని పన్నెండు మలుపులు. అదే రహదారి దక్షిణంగా దర్భా, సుక్మా, కుంట దాటి భద్రాచలం వైపు దిగుతుంది. కుంటలో జబ్బు చేస్తే భద్రాచలం, భూపాలపట్నంలో చేస్తే వరంగల్, జగదల్‌పూర్‌లో చేస్తే కోరాపుట్, సాలూరు మీదుగా విశాఖపట్నం. సరిహద్దు ఊళ్లలోని తెలుగువాళ్లకు, బైలదిల్లా ఇనుప గనుల కొలువులతో బచేలి, కిరండూల్‌లలో స్థిరపడ్డవాళ్లకు ఇవి అలవాటైన దారులు. తోకాపాల్, లోహండీగూడ సంతలకు సరుకు మోయాలన్నా, పెళ్లికి పదిమందిని చేర్చాలన్నా, రాత్రిపూట గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా చవకగా దొరికేది పాత వ్యానే.

అలాంటి బండి ఆగిపోతే మనం దిష్టి అంటాం, వేళ బాగాలేదంటాం, మెకానిక్‌కు పని రాదంటాం. నిజానికి ప్రతి లోపం వెనకా కొలవదగిన కారణం ఒకటి ఉంటుంది: వేడి, నీరు, దుమ్ము, కుదుపు. ఆ నాలుగింటిలో ఏది పని చేస్తోందో కనిపెట్టకుండా సామాను మార్చడమే ఖర్చుకూ విసుగుకూ అసలు మూలం.

యాభై భాగాల లెక్క

రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ వీ-1 ఎగిరే బాంబు తయారీలో పనిచేసిన ఇంజినీరు రాబర్ట్ లుసర్ పేరు మీద ఒక సూత్రం ఉంది. ఒక యంత్రం నడవడానికి దానిలోని భాగాలన్నీ పనిచేయాల్సిందే అయితే, ఆ యంత్రం మీద పెట్టుకోదగిన నమ్మకం ఒక్కో భాగం నమ్మకాన్ని గుణించుకుంటూ పోతే వచ్చేంత మాత్రమే.

ఒక ప్రయాణానికి వ్యానులో యాభై భాగాలు తప్పనిసరి అనుకుందాం: బ్యాటరీ, దాని ఎర్త్ తీగ, స్టార్టర్, పెట్రోలు పంపు, కాయిల్, రేడియేటర్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టు, ఇలా. ఒక్కొక్కటీ నూటికి 99 సార్లు పనిచేస్తుందనుకుంటే వినడానికి బాగానే ఉంటుంది. 0.99ని యాభైసార్లు గుణించి చూడండి, వచ్చేది 60.5 శాతమే. అంటే పది ప్రయాణాల్లో నాలుగు చెడిపోతాయి. అదే ఒక్కో భాగం 99.9 శాతం నమ్మదగినదైతే బండి మొత్తం 95.1 శాతం నిలబడుతుంది. కొత్త బండికీ పాత బండికీ తేడా ఎక్కడో ఒక్కచోట ఉండదు. అన్ని భాగాల్లోనూ చిన్నచిన్నగా పరుచుకుని ఉంటుంది.

యజమాని నిరాశ కూడా ఈ లెక్కలోనే ఉంది. పై ఉదాహరణలోని యాభై భాగాల్లో ఒకదాన్ని తీసేసి ఎప్పటికీ చెడిపోనిది వేసినా, బండి నమ్మకం 60.5 నుంచి 61.1 శాతానికే పెరుగుతుంది. డబ్బు పెట్టినా తేడా కనపడకపోవడానికి ఇదీ ఒక కారణం. అయితే అన్ని భాగాలూ సమానంగా బలహీనం కావు. నలభైతొమ్మిది భాగాలు 99.5 శాతం బాగుండి, ఒక్కటి మాత్రం 70 శాతమే ఉందనుకోండి. బండి నమ్మకం దాదాపు 55 శాతం. ఆ ఒక్కదాన్నీ సరిగ్గా పట్టుకుని మారిస్తే 78కి ఎగబాకుతుంది. ఒకే ఖర్చు ఒకచోట వృథా, ఇంకొకచోట కనక వర్షం. మధ్యలో తేడా చేసేది రోగనిర్ధారణ ఒక్కటే.

ఘాట్ ఎక్కేటప్పుడు

మన దారుల్లో తిరిగే వ్యాన్లలో ఎక్కువగా కనిపించేవి మారుతీ ఓమ్ని, ఈకో. 1984లో మారుతీ వ్యాన్‌గా వచ్చిన బండే తర్వాత ఓమ్ని అయింది. 2019లో దాని తయారీ ఆగిపోయింది. ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. 2010లో వచ్చిన ఈకో మొదటి ఇంజిన్ 1196 సీసీ. రెండింటిలోనూ ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. స్థలం కలిసొచ్చే అమరిక ఇది. పొట్టి బండిలో ఎక్కువమంది పడతారు. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. ఇంజిన్ నాలుగువైపులా మూసుకున్న ఇరుకు గూటిలో ఉంటుంది, కింది నుంచి నీరు, బురద తగులుతాయి, బండి ఆగినప్పుడు లోపలి వేడి త్వరగా బయటికి పోదు.

మనుషులతో, మూటలతో కలిపి వ్యాను బరువు 1400 కిలోలనుకుందాం. అది 100 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే గురుత్వాకర్షణకు ఎదురుగా దాదాపు 13.7 లక్షల జౌళ్ల పని చేయాలి. పెట్రోలు ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో సుమారు నాలుగో వంతునే చక్రాలకు అందిస్తుంది. అంటే ఆ ఎత్తుకు దాదాపు 55 లక్షల జౌళ్ల ఇంధనం కాలుతుంది. ఇంచుమించు మూడో వంతు పొగతో పోతుంది, ఇంకో మూడో వంతు ఇంజిన్ చుట్టూ తిరిగే నీటిలోకి చేరుతుంది. ఇలా నీటిలో చేరే వేడి ఐదు లీటర్ల చన్నీళ్లను మరిగించేంత. ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ అంత వేడిని రేడియేటర్ గాలిలోకి వదలాలి. అదీ ఎప్పుడు? బండి మొదటి, రెండో గేర్లలో పాకుతూ, ఎదురుగాలి దాదాపు లేనప్పుడు, లారీల వెనక చిక్కుకున్నప్పుడు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిన్న భాగం రేడియేటర్ మూత. దానిలోని స్ప్రింగు నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత 0.9 బార్ ఒత్తిడి నిలబెడితే మరిగే ఉష్ణోగ్రత 118 డిగ్రీల దాకా పోతుంది. మూత స్ప్రింగు సడలిందంటే ఇరవై డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఆ నష్టం తెలియదు. కేశ్‌కాల్ ఎక్కే రోజున తెలుస్తుంది. నీరు మరిగి ఆవిరి బుడగలు కట్టిన చోట లోహానికి చల్లదనం అందదు, సిలిండర్ హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. తక్కువ ధర మూతతో మొదలైన లోపం ఇంజిన్ విప్పే దాకా వెళ్తుంది.

బోరు నీళ్లు పోయడం రెండో పొరపాటు. వాటిలోని కాల్షియం లవణాలు వేడికి పేరుకుని రేడియేటర్ గొట్టాల లోపల సున్నపు పొర కడతాయి. అల్యూమినియం ఆ పొర కన్నా ఇంచుమించు వంద రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుకే పల్చటి పొర కూడా రేడియేటర్‌ను సగం పనికిరాకుండా చేయగలదు. కంపెనీ చెప్పిన కూలెంట్ మరిగే ఉష్ణోగ్రతను ఇంకొంచెం పెంచుతుంది, తుప్పును ఆపుతుంది.

చల్లారితే బాగయ్యే లోపం

వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచే బండిలో చూడాల్సినవి కొన్నే. కార్బురేటర్ ఉన్న పాత వ్యానులో పెట్రోలు గొట్టంలోనే ఆవిరి కావచ్చు. పెట్రోలు ఒకే ఉష్ణోగ్రతలో మరిగే ద్రవం కాదు. దానిలోని తేలికపాటి అంశాలు 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలవుతుంది. ఘాట్ ఎక్కి టీ కోసం ఆపిన బండిలో నీటి ప్రవాహం, ఫ్యాన్ గాలి రెండూ ఆగిపోతాయి. దాంతో ఇంజిన్ పైభాగం, దాన్ని ఆనుకున్న గొట్టాలు కాసేపు ఇంకా వేడెక్కుతాయి. గొట్టంలో ఆవిరి నిండితే పంపు పెట్రోలును ముందుకు తోయలేదు. ఆగిన వెంటనే కాక పది నిమిషాల విరామం తర్వాత స్టార్టవని బండికి కారణం తరచూ ఇదే.

ఇంజెక్షన్ వ్యానులో పంపు ట్యాంకులో ఉంటుంది, గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, కాబట్టి ఆవిరి బాధ తక్కువ. అక్కడ అనుమానం ఇంజిన్ తిరుగుడును గమనించే క్రాంక్ సెన్సార్ మీదికీ కాయిల్ మీదికీ పోవాలి. రెండింటిలోనూ సాధారణంగా వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. వేడికి లోహం, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ వేర్వేరు కొలతల్లో వ్యాకోచిస్తాయి. ఏళ్ల తరబడి ఈ సాగుడు, ముడుచుకోవడం జరిగాక తీగలో కంటికి కనపడని పగులు ఏర్పడుతుంది. వేడిగా ఉన్నప్పుడు పగులు విచ్చుకుంటుంది, కరెంటు తెగుతుంది. చల్లారితే రెండు అంచులూ మళ్లీ కలుస్తాయి. షెడ్డుకు చేరేసరికి లోపం ఉండదు. మెకానిక్ అబద్ధమాడలేదు, యజమానీ అబద్ధమాడలేదు. లోపం ఉన్న ఉష్ణోగ్రత వేరు, పరీక్ష జరిగిన ఉష్ణోగ్రత వేరు.

ఇంజెక్షన్ బండ్ల గురించి ఇంకో మాట. ట్యాంకులోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో తిరిగే బండిలో పంపు త్వరగా కాలిపోతుంది. పెట్రోలు బంకులు దూరదూరంగా ఉన్న బస్తర్‌లో పావు ట్యాంకు దాటి కిందికి పోనివ్వకపోవడం అన్నివిధాలా మేలు.

దిగేటప్పుడు

ఎక్కేటప్పుడు కూడబెట్టిన శక్తి దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దింపితే ఆ 13.7 లక్షల జౌళ్లలో చాలా భాగం బ్రేకుల మీదే పడుతుంది. నాలుగు చక్రాల బ్రేకు ఇనుము 20 కిలోలనుకుని, గాలికి ఏమీ పోలేదనుకుంటే, 100 మీటర్ల దిగుడుకే అది 150 డిగ్రీలు వేడెక్కాలి. గాలి కొంత చల్లబరుస్తుంది, నిజమే. కానీ ఘాట్ ఒక్క 100 మీటర్లతో ఆగదు.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. నెలల తరబడి వానలు పడే ప్రాంతంలో, చేతులు మారిన బండిలో, ఎన్నేళ్ల క్రితం పోశారో తెలియని ద్రవం మరిగిందంటే పైపుల్లో ఆవిరి చేరుతుంది. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేలకు తాకుతుంది, బండి ఆగదు. ఈ లోపం విసుగుతో పోయేది కాదు, ప్రాణాలతో పోయేది. పాత వ్యాను కొన్న వారంలోనే బ్రేకు ద్రవం మార్పించాలి. ఎక్కిన గేరులోనే దిగాలి.

వాన, దుమ్ము, కుదుపు

వానాకాలంలో వినిపించే ఫిర్యాదు వేరు: బ్యాటరీ కొత్తదే, అయినా సెల్ఫ్ తీసుకోవడం లేదు. మీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టులు చూపిస్తుంది. మరి ఎందుకు తిరగదు?

జవాబు ఓమ్ సూత్రంలో ఉంది. స్టార్టర్ తిరిగేటప్పుడు సుమారు 100 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బ్యాటరీ ఎర్త్ తీగ బాడీకి బిగించిన చోట తుప్పు పట్టి 0.02 ఓముల నిరోధం చేరిందనుకోండి. మామూలు మీటరుకు అంత చిన్న నిరోధం ఆనదు. 100 ఆంపియర్లు దాటుకుని పోవాలంటే మాత్రం 2 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. స్టార్టర్‌కు చేరేది తగ్గుతుంది, అలా పోయిన 200 వాట్లు ఆ బోల్టు దగ్గర వేడిగా మారతాయి. కాబట్టి బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు వోల్టేజీ కొలిస్తే ఏమీ తెలియదు. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొనను ఇంజిన్ లోహం మీద ఆనించాలి. అర వోల్టు మించి చూపిస్తే దోషి ఎర్తే. గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించి, గ్రీజు పూస్తే సరిపోయే పనికి చాలామంది కొత్త బ్యాటరీ కొంటున్నారు.

గుంతల దారిలో ఇంకో సూక్ష్మమైన అరుగుదల జరుగుతుంది. తీగల కనెక్టర్లలో పిన్నులు కుదుపుకు మిల్లీమీటరులో వందో వంతు అటూఇటూ కదులుతాయి. పైనున్న తగరపు పూత కొద్దికొద్దిగా రాలి, గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది. ఆ పొడి రెండు పిన్నుల మధ్య చేరి కరెంటును అడ్డుకుంటుంది. కనెక్టర్ ఒకసారి పీకి మళ్లీ పెడితే పొడి తుడిచిపెట్టుకుపోయి బండి బాగవుతుంది. సెన్సార్ మార్చాక బండి బాగుపడితే పాత సెన్సార్‌దే తప్పు అనుకుంటాం. చాలాసార్లు బాగుచేసింది కొత్త సెన్సార్ కాదు, కనెక్టర్‌ను పీకి పెట్టిన చెయ్యి. నెల తర్వాత లోపం తిరిగొస్తుంది.

ఇక దుమ్ము. 1196 సీసీ ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరిగితే వెయ్యి లీటర్లకు పైగా గాలి పీల్చగలదు. ఆ గాలిలోని క్వార్ట్జ్ రేణువులు ఇంజిన్ లోపలి ఇనుమును గీరేంత గట్టివి. ఫిల్టర్ చిరిగినా, దాని మూత సరిగా కూర్చోకపోయినా పిస్టన్ రింగులు అరిగి, ఆయిల్ కాలుతుంది, నీలం పొగ వస్తుంది. వేసవిలో కచ్చా రోడ్ల మీద తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే ఫిల్టర్ మార్చాలి.

వానాకాలంలో నెలల తరబడి నిలబెట్టిన బండికి ఇంధనంతోనూ చిక్కు రావచ్చు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా చేరతాయి. పంపు మొదట లాగేది ఆ పొరనే. దీర్ఘకాలం నిలబెట్టే బండిలో ట్యాంకు నిండుగా ఉంటే లోపలికి తేమగాలి చేరే చోటు తగ్గుతుంది. పాత కార్బురేటర్ బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఉబ్బాయా, పగిలాయా అని ఏడాదికోసారి చూపించుకోవాలి.

మంచి బండి బేరానికి ఎందుకు రాదు?

ఇంతవరకూ చూసింది యంత్రం. సెకండ్ హ్యాండ్ సంతకు కూడా ఒక శాస్త్రం ఉంది. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద ఒక చిన్న పరిశోధన వ్యాసం ప్రచురించారు. అంతకుముందు 1967–68లో ఆయన ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో పనిచేశారు. మూడు పత్రికలు తిప్పికొట్టాక అచ్చయిన ఆ వ్యాసమే 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టిన కృషికి మూలం.

ఆయన వాదనను మన లెక్కలోకి మార్చి చూద్దాం. పైకి ఒకేలా ఉన్న రెండు వ్యాన్లున్నాయి. మంచిదాని విలువ రెండు లక్షలు, చెడ్డదానిది లక్ష. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కొనేవాడు నష్టపోకూడదని లక్షన్నర దగ్గర ఆగుతాడు. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. బేరానికి మిగిలేవి చెడ్డవే. అది గ్రహించి కొనేవాళ్లు ఇంకా తగ్గించి అడుగుతారు. అలా సంతలో నాణ్యత దిగజారుతూ పోతుంది. తప్పు ఒక్క మోసగాడిది కాదు, ఒకవైపే ఉన్న సమాచారానిది. అందుకు విరుగుడు కొనేవాడి చేతికి సమాచారం చేరడమే.

ఆ సమాచారం బండే ఇస్తుంది, అడిగే తీరులో అడిగితే. పొద్దున్నే వెళ్లాలి. ఇంజిన్‌ను ముందుగా స్టార్ట్ చేయవద్దని చెప్పాలి. తాకి, చల్లగా ఉందో లేదో చూసుకోవాలి. చల్లటి ఇంజిన్ మీదే మూత తీసి కూలెంట్ రంగు చూడాలి, తుప్పు రంగైతే ఇన్నాళ్లూ మామూలు నీళ్లే పోశారన్నమాట. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ అంటి ఉంటే గాస్కెట్ పరీక్ష తప్పనిసరి. సీటు బెల్టు చివరిదాకా లాగాలి, లోపలి కొసన బురద చార కనిపిస్తే బండి ఎక్కడో మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నో వాహనాలు నీటిలో ఉండిపోయాయి. నీట మునిగిన బండి పైకి ఎంత మెరిసినా దాని తీగల్లో తుప్పు మొదలై ఉంటుంది. ఇంజెక్షన్ బండికైతే స్కానర్ పెట్టించాలి. అది లోపాల సంకేతాలతో పాటు, బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందా లేదా అన్నదీ చూపిస్తుంది. పరీక్షలు పూర్తికాలేదని చూపిస్తే సంకేతాలను ఇటీవలే చెరిపి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండవచ్చు. ఆఖరున నలుగురిని ఎక్కించుకుని ఎత్తు మీదికి తోలాలి, పైన పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. నున్నటి ఊరి వీధిలో వేసే ఒక్క చుట్టు ఇవేవీ చెప్పదు.

నాలుగు ప్రశ్నల పుస్తకం

ఇప్పటికే కొన్నవాళ్లు చేయగలిగేదేమిటి? డాష్‌బోర్డులో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోవాలి. బండి ఆగిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇంజిన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా? వాన పడుతోందా, పొడిగా ఉందా? ఎక్కుతున్నామా, దిగుతున్నామా, ఆపి మళ్లీ తీశామా? ఆగే ముందు గుంతలో కుదుపు తగిలిందా? ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కూడా పక్కన రాసుకోవాలి.

వేడిలో మాత్రమే ఆగే బండికి ఎర్త్ తీగను అనుమానించనక్కర్లేదు. వానలో మాత్రమే ఆగేదానికి రేడియేటర్ మూతతో పనిలేదు. కుదుపుతో వచ్చే లోపం దాదాపు ఎప్పుడూ కనెక్టర్లోనో, తెగీ తెగని తీగలోనో ఉంటుంది. అలా నాలుగైదు నమోదులకే యాభై భాగాల జాబితా నాలుగైదుకు కుదించుకుపోతుంది. అప్పుడు మెకానిక్‌తో మాట్లాడే తీరు మారుతుంది. ‘బండి ఆగిపోతోంది, చూడన్నా’ అంటే ఆయన ఊహించాల్సిందే. ‘అన్నా, ఘాట్ ఎక్కి ఆపాక పది నిమిషాలకు స్టార్టవడం లేదు, నాలుగుసార్లూ వేడిగానే, పొడి దారిలోనే’ అంటే లోపాన్ని తిరిగి పుట్టించే దారి ఆయనకు దొరికినట్టే. హెయిర్ డ్రయ్యర్‌తో సెన్సార్‌ను వేడిచేసి చూడొచ్చు, కనెక్టర్‌ను కదిపి చూడొచ్చు. లోపం కళ్లముందు కనిపించాకే సామాను మార్చమని మనం గట్టిగా అడగాలి, ఆ పరీక్షకు పట్టిన సమయానికి ఆయనకు కూలి కూడా ఇవ్వాలి. మన దగ్గర సామాను మార్చినదానికి డబ్బిస్తాం కానీ, లోపం కనిపెట్టినదానికి ఇవ్వం. ఊహ మీద రిపేర్లు జరగడానికి ఆ అలవాటూ ఒక కారణమే.

ఆసుపత్రి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట వ్యాను నమ్మకం ప్రజారోగ్యానికి సంబంధించిన విషయం. గ్రామాల్లోని యువకులకు మల్టీమీటర్ పట్టడం, బ్రేకు ద్రవంలో తేమ చూడడం, స్కానర్ చదవడం నేర్పితే ఖర్చు పెద్దగా కాదు. ఐటీఐలలో, యువజన శిక్షణల్లో ఈ పాఠం కొత్త బండ్లకు ఉన్నంత శ్రద్ధగా పాత బండ్లకూ ఉండాలి, ఎందుకంటే ఈ అడవి దారుల్లో మనుషుల్ని మోస్తున్నవి ఎక్కువగా అవే.